డ్రాయింగు మాష్టారి ఎర్ర గడియారం

యానాంలో నేను అద్దెకున్న ఇంటి యజమాని, రిటైరైన డ్రాయింగు మాష్టారు, పోయారు. ఆ సంగతి నాకు ఇక్కడ కారైకాల్ ఆసుపత్రి డ్యూటీ రూములో, ఆయన్ని సమాధి చేసిన చాలా రోజులకు తెలిసింది. మా వార్డు ఆయాది కూడా యానామే. సెలవు మీద వెళ్ళొచ్చి, సంచిలోంచి కాజాల పొట్లం తీసి బల్ల మీద పెడుతూ మాటల మధ్యలో అంది.

“మీ మాష్టారుగారు పోయారు కదండి సిస్టరుగారూ. మీకు తెలుసనుకున్నాను.”

నాకు తెలియదు. తెలియజేయవలసినంత చుట్టరికమూ లేదు. ఒకప్పుడు అద్దెకున్న మనిషికి ఎవరు టెలిగ్రాం ఇస్తారు? ఆ రోజు డ్యూటీ దిగాక సముద్రం వైపు నడిచి కాసేపు కూర్చున్నాను. ఆయన గురించి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్ళకు ఆయనెవరో తెలియదు. వాళ్ళ అరవం నాకు అంతంత మాత్రం. అందుకని మీతో చెబుతున్నాను.

నేను యానాం ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఇల్లు దొరకడం కష్టమైంది. పెళ్ళయిన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చేసి, అక్కడా ఇమడలేక ఉద్యోగం వెతుక్కున్నదాన్ని. ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వాలంటే జనం వేసే ప్రశ్నలు మీకు తెలియనివి కావు. మాష్టారు మాత్రం ఒక్కటే అడిగారు.

“మీ దగ్గర టిక్కుటిక్కుమనే గడియారం ఏమన్నా ఉందాండి?”

“చేతి వాచీ ఒక్కటేనండి. చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినపడదు” అన్నాను.

“అయితే దిగండి” అని తాళంచెవి చేతిలో పెట్టేశారు.

ఎందుకలా అడిగారో కొన్నాళ్ళకు తెలిసింది. ఆయన భార్య కూడా ఆయన పనిచేసిన బళ్ళోనే టీచరు. నేను రావడానికి ముందు ఏడాది పోయారు. పిల్లలు లేరు. హాల్లో ఒక గోడ గడియారం ఉండేది. ఆదివారం చర్చి నుంచి రాగానే, చెప్పులు విప్పకుండానే దానికి కీ ఇవ్వడం ఆవిడ అలవాటట. ఆవిడ పోయిన తర్వాత కూడా, చివరిసారి ఆవిడ ఇచ్చిన కీ మీద ఆ గడియారం కొన్నాళ్ళు నడిచింది. మనిషి లేదు, ఆవిడ తిప్పిన తిప్పు మీద గంటలు మాత్రం కొడుతున్నాయి. ఆ కొన్నాళ్ళూ మాష్టారు ఇంట్లో భోజనం చెయ్యలేకపోయారట. చివరికి అది తనంతట తానే ఆగింది. ఆయన మళ్ళీ కీ ఇవ్వలేదు. గోడ మీంచి తీసెయ్యనూ లేదు.

నేను పురుళ్ళ వార్డులో పనిచేసేదాన్ని. సాయంత్రం గేటు చప్పుడు కాగానే అరుగు మీద నుంచి ఆయన అడిగేది ఒకటే మాట.

“ఇవాళ ఎవరు పుట్టారండి?”

“కనకాలపేట వాళ్ళకి ఆడపిల్లండి.”

“ఎన్నింటికి?”

చెప్పేదాన్ని. ఏదో పెద్ద విషయం విన్నట్టు తల ఊపేవారు. ఆసుపత్రిలో ఎవరు పోయారని మాత్రం ఎన్నడూ అడగలేదు. నడిచే గడియారం లేని ఆ ఇంట్లో ఆయన పనిగట్టుకుని తెలుసుకునే టైము బహుశా అదొక్కటే.

ఒకసారి పళ్ళు చూపించుకోవడానికి కాకినాడ వెళ్ళారు. అక్కడ ఒక ఫ్యాన్సీ షాపులో, అద్దాల వెనక, ముళ్ళు లేని గడియారం చూశారు. ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. చాలాసేపు నిలబడి చూసి తిరిగొచ్చి నాతో చెప్పారు.

“చప్పుడే లేదమ్మా. అంకె మారుతుంది, అంతే. నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు.”

అలాంటిది కొనుక్కుంటే సరిపోయేదే. ఆయన కొనలేదు. ఆ వీధిలోనే ఉన్న రేడియో రిపేరు షాపుకి వెళ్ళి, అలాంటి గడియారం బాగుకొచ్చింది ఉంటే లోపల చూపించమని అడిగారట. మెకానిక్కు మూత విప్పి చూపించాడు. ఇక మాష్టారికి ఆ మూత మళ్ళీ వెయ్యబుద్ధి కాలేదు.

“పైది ఉత్త డబ్బా అండి. లోపలైతే ఊరుంది. సందులు, గొందులు, మలుపులు. అంత అందం పెట్టుకుని మూతేస్తారేంటండీ?”

అలా మొదలైంది. ఆ మెకానిక్కు మంచివాడు. ఏదో ఎలక్ట్రానిక్సు పత్రికలోంచి చించిన సర్క్యూటు పటం ఇచ్చి, సామాను పొట్లం కట్టి పంపాడు. మాష్టారు అంతకు ముందు ఇంట్లో బల్బు తప్ప కరెంటు వస్తువు ముట్టుకున్న మనిషి కాదు. ముందు ఆ పటాన్ని డ్రాయింగు షీట్ల మీద తలుపంత పెద్దదిగా గీశారు. గీసి, చెరిపి, మళ్ళీ గీశారు. ఏ గీత ఎందుకు ఎటు పోతుందో తెలియనప్పుడల్లా కాకినాడ బస్సెక్కేవారు. “చెయ్యి గీస్తేగాని కంటికి తెలీదండి” అనేవారు. బళ్ళో పిల్లలకీ అదే చెప్పేవారట.

వరసగా కాళ్ళున్న చిన్న చిప్పుల్ని, అంటే ఐసీలను, మొదటిసారి చూసినప్పుడు నాకు వెల్లకిలా పడుకున్న నల్ల జెర్రులు గుర్తొచ్చాయి. అంకెలు వెలిగే బిళ్ళలు వేరే ఉన్నాయి. ఒక్కో బిళ్ళలో ఏడు పుల్లలు. ఆ ఏడు పుల్లల్లో ఏవి వెలిగితే ఏ అంకె అవుతుందో మాష్టారు అగ్గిపుల్లలు పేర్చి చూపించారు. ఏడు పుల్లలతోటి సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ వస్తాయి. ఆ సంగతికి ఆయన పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ళు బొమ్మలు నేర్పాను, ఇంత పొదుపైన బొమ్మ ఎప్పుడూ చూడలేదు అన్నారు.

గడియారం మొత్తం ఆయన పాత డ్రాయింగు బోర్డు మీద లేచింది. మామూలుగా ఇలాంటివి అచ్చు వేసిన అట్ట మీద అతుకుతారట. ఆయన అట్ట వద్దన్నారు. రాగి తీగలు తెచ్చి, సాగదీసి, వంపులు తిప్పి, ఒకదాన్నొకటి తాకకుండా గాలిలోనే నిలబెట్టారు. చెక్కలోంచి మొలకెత్తినట్టు తీగలు పైకి లేచి, మధ్యలో ఐసీలను మోస్తూ, ఇంకా పైకి పోయి, చివరన అంకెల బిళ్ళల దగ్గర ఆగేవి. ఏ తీగ ఎటు వంగాలో ముందు వేలితో గాలిలో గీసుకునేవారు. మాట్లాడుతున్నప్పుడు కూడా ఆయన చూపుడువేలు అలా ఏదో ఒకటి గీస్తూనే ఉండేది.

టంకం పెట్టడం ఆయనకు తొందరగా పట్టుబడలేదు. వేడి ఎక్కువైతే ఐసీ మాడిపోతుందని మెకానిక్కు హెచ్చరించాడు. మా ఆసుపత్రిలో పాతబడి పక్కన పడేసిన ఆర్టరీ ఫోర్సెప్సు ఉంటే అడిగి తెచ్చాను. ఆపరేషనులో రక్తనాళాన్ని బిగించి పట్టుకునే పట్టకారు అది. టంకం పెట్టే చోటికీ ఐసీకీ మధ్య దాంతో ఐసీ కాలు బిగించి పట్టుకుంటే వేడి లోపలికి పోదు. మధ్యాహ్నం డ్యూటీ లేని రోజుల్లో నేను పట్టుకునేదాన్ని, ఆయన టంకం పెట్టేవారు. ఇద్దరికీ మాటలు తక్కువ. టంకంలోని గుగ్గిలం కాలిన వాసన, కిటికీ అవతల కాకులు. పుట్టింటి నుంచి ఎవరూ రాని ఆదివారాలు నాకు చాలా ఉండేవి. అందులో కొన్ని అలా గడిచాయి.

ఒకసారి వేలు కాల్చుకున్నారు. మందు రాసి కట్టు కడుతుంటే, “ఈ చెయ్యి చూసి ఎన్నాళ్ళయిందోనండి ఎవరన్నా” అన్నారు. వెంటనే తల తిప్పుకుని, అక్కర్లేకపోయినా కిటికీ తలుపు సరిచేశారు.

గడియారం దాదాపు అయిందనగా పాస్టరుగారు ఇంటికొచ్చారు. బోర్డు చుట్టూ తిరిగి చూశారు.

“బాగుంది మాష్టారూ. కానీ పేగులు బయట పడ్డట్టుందండి. మంచి టేకు పెట్టె ఒకటి చేయించెయ్యండి.”

“ఇన్నాళ్ళూ అన్నీ లోపలే పెట్టుకున్నాం కదండి” అన్నారు మాష్టారు. “ఇదొక్కటీ బయటుండనివ్వండి.”

పాస్టరుగారు వెళ్ళేటప్పుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు.

మొదటిసారి ప్లగ్గు పెట్టినప్పుడు అంకెలు వచ్చాయి గాని, ఒక బిళ్ళలో పుల్ల ఒకటి వెలగలేదు. ఎనిమిది రావలసిన చోట ఆరు వచ్చింది. మాష్టారు దాన్ని చూసి నవ్వారు. నేను ఆ ఇంట్లో దిగాక ఆయన నవ్వడం అదే మొదలు. ఎక్కడో అతుకు వదిలింది, మళ్ళీ పెట్టారు. మర్నాటికి అన్ని పుల్లలూ వెలిగాయి. వీధివైపు కిటికీలో బల్ల వేసి పెట్టారు. సాయంత్రం చీకటి పడే వేళకి ఆ రాగి తీగలన్నిటి మీదా ఎర్ర వెలుగు పాకేది. వీధి వీధంతా వచ్చి చూసింది. పక్క ఊరు అడవిపొలం నుంచి కూడా సైకిళ్ళ మీద వచ్చారు. నీళ్ళ రంగుల కుంచెతో ఆయన రోజూ పొద్దున్నే తీగల మీద దుమ్ము తుడిచేవారు.

కొత్త తీరాక జనం రావడం మానేశారు. గడియారం చుట్టూ మళ్ళీ ఎప్పటి నిశ్శబ్దమే. అప్పుడే ఆయన ఒక సంగతి గమనించారు. పొద్దున సరిగ్గా పెట్టిన టైము సాయంత్రానికి వెనకబడుతోంది. తీగలన్నీ వెతికారు. అతుకులు మళ్ళీ పెట్టారు. తనకే ఏదో చేతకాలేదని బెంగపడ్డారు. ఒకరోజు కరెంటు ఆఫీసు ఇంజనీరుగారి భార్యకు మా వార్డులో పురుడొచ్చింది. ఆయనతో ఈ మాట చెబితే ఇంటికొచ్చి చూశారు.

“మీ పనితనంలో లోపం ఏమీ లేదండి” అన్నారాయన. “ఈ గడియారం టైముని లెక్కపెట్టదు. కరెంటు కొట్టుకునే దెబ్బల్ని లెక్కపెడుతుంది. సాయంత్రం అందరూ ఇళ్ళకి చేరి లైట్లు, ఫ్యాన్లు వేసేసరికి లోడు ఎక్కువై కరెంటు నెమ్మదిస్తుంది. దాంతోటే మీ గడియారమూ నెమ్మదిస్తుంది. ఇక్కడొక్క చోటే కాదు, లైను పొడుగునా అంతేనండి.”

“అంటే నాడి చూస్తోందన్నమాట” అన్నాను నేను. రోజూ నేను చేసే పనే కాబట్టి అలా తోచింది.

 ఆ రోజు నుంచి మాష్టారు ఆ ఆలస్యాన్ని సరిచెయ్యడం మానేశారు. చీకటి పడ్డాక గడియారం వంక చూసి, నా వాచీ వంక చూసి, “అందరూ ఇళ్ళకొచ్చేశారమ్మా” అనేవారు. మన వీధిలో వాళ్ళే కాదు, కాకినాడ, రాజమండ్రి, ఇంకా అవతల ఎక్కడెక్కడి వాళ్ళో దీపాలు వేసుకుని అన్నానికి కూర్చున్నారన్నట్టు ఉండేది ఆ మాట. ఆయన ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో దిగులు వినపడేది కాదు. ఎవరో క్షేమంగా చేరారని విన్నవాడి గొంతులా ఉండేది.

దానికి ఇంకో గుణం కూడా ఉంది. కరెంటు పోతే మొత్తం మరిచిపోతుంది. తిరిగి వచ్చాక వరసగా సున్నాలు చూపిస్తుంది. యానాంలో కరెంటు సంగతి మీకు చెప్పాలా? వచ్చినప్పుడల్లా మాష్టారు గేటు దగ్గరికి వెళ్ళి, దారిన పోయేవాళ్ళని “టైమెంతయిందండి?” అని అడిగి వచ్చి, బొత్తాలు నొక్కి సరిచేసుకునేవారు. ఇంట్లో ట్రాన్సిస్టరు రేడియో ఉంది. పక్క గదిలో నా వాచీ ఉంది. అయినా గేటు దగ్గరికే వెళ్ళేవారు. కాకినాడ మెకానిక్కు, చిన్న బ్యాటరీ ఒకటి తగిలిస్తే ఈ బాధ ఉండదని చెప్పాడు.

“ఎందుకండీ, పోతే అడుగుతాం కదా” అన్నారు మాష్టారు.

కొన్నాళ్ళకు ఆయన అడగనక్కర్లేకుండా పోయింది. కరెంటు రాగానే వీధిలో ఎవరో ఒకరు కిటికీ దగ్గర ఆగి టైము చెప్పి పోయేవారు. అందరికంటే ముందుండేది దరియాలతిప్ప నుంచి తట్టతో వచ్చే చేపలావిడ. ఆవిడకి వాచీ లేదు. మలుపులో సోడా కొట్టు దగ్గర అడిగి, ఆ టైముని మరిచిపోకుండా నోట్లో అనుకుంటూ మోసుకొచ్చేది.

“తొమ్మిదింబావు మాష్టారుగోరూ. కొట్టు కాడ నుంచి ఇక్కడికి నడిచిందానికి కూసింత కలుపుకోండి.”

“సరేనమ్మా” అని లోపల్నుంచి ఆయన.

ఒక సాయంత్రం నా సంసారం సంగతి ఆయనతో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. అరుగు మెట్ల మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా మొత్తం చెప్పేశాను. ఒంటరిదానిగా ఉండిపోతాననే భయం కూడా చెప్పాను. ఆయన సానుభూతి మాటలు చెప్పలేదు. అప్పుడే కరెంటు పోయి వచ్చింది; కిటికీలో గడియారం సున్నాల చివర ఒంటిగా ఒకటి అంకె చూపిస్తోంది.

“ఒకటి అంటాం గాని చూడండమ్మా, అందులోనూ రెండు పుల్లలున్నాయి” అన్నారు.

ఆ మాటకు అర్థం ఏమిటని నేను అడగలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలుసని చెప్పలేను. కానీ ఆ రోజు లేచి అన్నం వండుకున్నాను.

నాకు బదిలీ అయి ఇక్కడికి వచ్చాక పండగలకి కార్డు రాసేవారు. అందులో ఎప్పుడూ ఏదో చిన్న బొమ్మ, “అక్కడ ఎవరు పుట్టారు?” అన్న ఒక్క వాక్యం. ఆయన ఎలా పోయారో ఆయా చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందట. చేపలావిడ ఎప్పటిలాగే కిటికీ దగ్గర టైము చెప్పింది. లోపల్నుంచి జవాబు రాలేదు. మళ్ళీ చెప్పింది. తట్ట దించి లోపలికి వెళ్ళి చూస్తే పడక కుర్చీలో ఉన్నారట. గడియారాన్ని తమ్ముడి కొడుకులు పట్టుకెళ్ళారని, ఇంటికి తాళం వేసి ఉందని చెప్పింది. వాళ్ళు దాన్ని ప్లగ్గులో పెట్టారో, అటకెక్కించారో ఆయాకి కూడా తెలియదు.

ఇదంతా విన్నాక, సముద్రం దగ్గర కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం గోదావరి వరద.

ఎనభయ్యారు వరద. వీధుల్లోకి నీళ్ళొచ్చేసి, జనమంతా బడి మేడ మీదకి చేరుతున్నారు. నేను ఆసుపత్రి నుంచి మోకాలు లోతు నీళ్ళలో ఇంటికి వచ్చేసరికి మాష్టారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని, గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మంచం కింద ఆయన చెప్పులు తేలుతున్నాయి.

“మీరెళ్ళండమ్మా. నాకిక్కడ బానే ఉంది.”

బతిమాలాను. కోప్పడ్డాను కూడా. ఆయన గోడ మీది పాత గడియారం వంక చూశారు గాని కదల్లేదు. ఆ బడి గడప ఆయన భార్య పోయాక తొక్కలేదని నాకు తెలుసు. నీళ్ళు మంచం కోళ్ళ సగానికి వచ్చాయి. ఇంతలో వీధిలోంచి మొగుడి నావని గెడకర్రతో తోసుకుంటూ చేపలావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసింది.

“మీరు రాపోతే మానెయ్యండి మాష్టారుగోరూ. ఆ గెడియారం ఇటియ్యండి. తడిసి పాడైపోద్ది.”

ఆయన గడియారాన్ని ఇంకా దగ్గరికి తీసుకున్నారు. “తీగలు వంగిపోతాయే.”

“వంగుతాయి మరి. నాకేటి తెలుస్తాది పట్టుకోడం?”

కాసేపు ఆలోచించి ఆయన లేచారు. బోర్డుని రెండు చేతులా నెత్తి మీదకెత్తి, అరుగు దిగి, వీధిలో నడుము దాకా నీళ్ళలో నడిచి నావెక్కారు. చేపలావిడ నా వైపు చూడలేదు, నవ్వలేదు. గెడ వేసి నావ తిప్పేసింది.

బళ్ళో మాకు దొరికింది ఆయన పాఠం చెప్పిన గదే. గడియారాన్ని టీచరు బల్ల మీద పెట్టి పక్కన కూర్చున్నారు. మర్నాటికి వాన తగ్గింది గాని నీళ్ళు తీయలేదు. అందరూ కిటికీల దగ్గర నిలబడి, ఎవరిల్లు ఎక్కడుందో పోల్చుకోవడానికి చూస్తున్నారు. మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. అప్పుడు మాష్టారు లేచి, నల్లబోర్డు దగ్గర సుద్దముక్క తీసుకుని మా వీధి గీయడం మొదలుపెట్టారు.

“మీ ఇల్లు సోడా కొట్టుకి ఇవతలా, అవతలా?”

“అవతలండి. అరుగు మీద రోలుంటాదండి.”

రోలు వేశారు. ఇంకొకరు లేచి వచ్చి తమ బొప్పాయి చెట్టు కాస్త ఎడమ పక్కకి ఒంగుద్దని చెప్పారు. ఒంచారు. వల ఆరేసే గుంజలు, సైకిలు, గుమ్మం ముందు రాయి. ఒక్కొక్కరే కిటికీలు వదిలి బోర్డు దగ్గరికి చేరారు. మధ్యాహ్నం దాటేసరికి మా వీధంతా అక్కడ పొడిగా, ఉన్నది ఉన్నట్టు నిలబడింది. చివరికి తన ఇల్లు కూడా గీశారు. గేటు, అరుగు, కిటికీ.

“టీచరమ్మగోరేరండీ?” అంది చేపలావిడ.

 సుద్దముక్క బోర్డు మీద ఆనించి ఆయన అలాగే నిలబడ్డారు. నేను వెళ్ళి పక్కన నిలబడదామనుకున్నాను గాని వెళ్ళలేదు. తర్వాత ఆయన చెయ్యి కదిలింది. గుమ్మం పక్కన ఒక ఆవిడ, మాకు వీపు పెట్టి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చెంబుతో కనకాంబరాల మొక్కలకు వంగి నీళ్ళు పోస్తోంది. మొహం గీయలేదు. చేతుల సుద్ద దులుపుకుని వెనక బెంచీ మీద కూర్చున్నారు.

నీళ్ళు తీసి బడి తెరిచాక, ఆ గది పంతులుగారికి ఆ వీధిని తుడవడానికి చాలా రోజులు చెయ్యి రాలేదట. అడుగున మిగిలిన కొంచెం చోటులోనే లెక్కలు వేసేవారట. కూడికలకూ తీసివేతలకూ పైన, సుద్దతో గీసిన ఆవిడ ఎవరి వైపూ తిరక్కుండా మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉండేదట.